మొప్పలెత్తి చూసి

ధ్యాన భాగం: ఎఫెసీయులకు 4:29–32, యోహాను 21:1–17

శుక్రవారం పొద్దున్న దుబాయ్‌లోని డేరా వాటర్‌ఫ్రంట్ మార్కెట్‌లో చేపల వైపు ఎప్పుడైనా ఊరికే నిలబడి చూశారా? పాత చేపల మార్కెట్‌ని 2017లో అక్కడికి మార్చారు. ఏసీ హాలు వచ్చింది, వరసలు వచ్చాయి. మనవాళ్లు చేప కొనే తీరు మాత్రం కాకినాడలో ఎలా ఉంటుందో అక్కడా అలాగే ఉంది.

మొన్న నా ముందు ఒక అక్క నిలబడింది. మాట వింటేనే గోదావరి మనిషని తెలిసిపోయింది. ఒక వంజరాన్ని తల దగ్గర పట్టుకుని, బొటనవేలితో మొప్ప ఎత్తి లోపల ఎరుపు చూసింది. కన్ను చూసింది. మెరుస్తోందా, లోపలికి పోయి పాలిపోయిందా అని. పొట్ట దగ్గర వేలితో నొక్కి, గుంట నిలుస్తుందేమో చూసింది. చివరికి ముక్కు దగ్గర పెట్టుకుంది. అమ్మేవాడు "ఫ్రెష్, ఫ్రెష్" అంటూనే ఉన్నాడు. ఆమె వాడి మాట వినలేదు. మూడు చేపలు పక్కన పెట్టేసి నాలుగోది తీసుకుంది.

"ఎందుకక్కా అంతసేపు?" అన్నాను నవ్వుతూ.

"తినేది మనోళ్లు కదా తమ్ముడూ. పాడైంది పెడతామా?" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే ఆ సాయంత్రం ఊద్ మేథాలో మన తెలుగు కూడికలో చదివింది ఎఫెసీ పత్రిక నాలుగో అధ్యాయం. మీకు తెలిసిన వచనమే. నోట ఏ చెడ్డ మాటా రానివ్వద్దని, వినేవాళ్లకు మేలు చేసే మాట, వాళ్లను నిలబెట్టే మాట మాత్రమే పలకమని పౌలు బతిమాలే చోటు. మన తెలుగు బైబిల్లో అక్కడ దుర్భాష అని ఉంటుంది. గ్రీకులో పౌలు రాసిన మాట సప్రోస్. అంటే కుళ్లిన, పనికిరాని అని అర్థం. మత్తయి సువార్త 13వ అధ్యాయంలో యేసయ్య వల ఉపమానం చెప్పారు గుర్తుందా? జాలర్లు వల ఒడ్డుకు లాగి, మంచి చేపలు బుట్టల్లో వేసుకుని, పనికిరానివి అవతల పారేస్తారు. ఆ పారేసే చేపలకు వాడిన మాట కూడా ఇదే.

కాబట్టి పౌలు అనేది మనకు బాగా తెలిసిన సంగతే. కుళ్లిన చేపను ఇంటికి తీసుకెళ్లం. కుళ్లిన మాటను ఎందుకు తీసుకెళ్తాం?

ఈ మాట మీకు చెప్పే ముందు, మీ రోజు ఎలా గడుస్తుందో నాకు తెలుసని చెప్పాలి. తెల్లారుజామున నాలుగున్నరకు బస్సు. సోనాపూర్ నుంచో, సజ్జా నుంచో, ముసఫ్ఫా నుంచో. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని ఆపాలని నియమం ఉంది. దాని వల్ల ప్రాణాలు దక్కుతున్నాయి, దేవునికి స్తోత్రం. కానీ ఆ రెండున్నర గంటలకు అటూ ఇటూ ఉన్న ఎండ కూడా ఎండే. ఇళ్లలో పనిచేసే చెల్లెళ్లకు ఆ విరామం కూడా ఉండదు. పిల్లలు పడుకున్నాక గిన్నెలు, గిన్నెలయ్యాక ఇస్త్రీ. రాత్రి తొమ్మిదిన్నరకు బెడ్‌స్పేస్‌లో పై మంచం ఎక్కేసరికి ఒంట్లో ఏముంటుంది? అప్పుడు ఇండియాలో పదకొండు. అక్కడ వాళ్లు కూడా నిద్ర ఆపుకుని కూర్చుని ఉంటారు. మన మాటలన్నీ ఆ గంటలోనే జరుగుతాయి. ఇటు అలసట, అటు అలసట, మధ్యలో ఒక ఫోను.

ఇంకో సంగతి కూడా ఉంది. పగలంతా మనం మాటలు ఏరుకుంటూనే ఉంటాం. ఫోర్‌మన్ ఎంత మాటన్నా "ఓకే సర్" అంటాం. మేడమ్ విసుక్కుంటే తల వంచుకుంటాం. ఈ దేశంలో ఫోనులో ఒకరిని తిడుతూ మెసేజ్ పెట్టినా నేరమే. 2021లో తెచ్చిన 34వ నంబరు సైబర్ నేరాల చట్టం ప్రకారం జైలు పడొచ్చు, 2,50,000 నుంచి 5,00,000 దిర్హాముల దాకా జరిమానా పడొచ్చు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు పాతవాళ్లు మొదట చెప్పే జాగ్రత్తల్లో ఇదొకటి. కాబట్టి క్యాంపు గ్రూపులో కూడా ఆచితూచి రాస్తాం.

అంటే మాటను మొప్పలెత్తి చూడడం మనకు చేతకాదని కాదు. రోజుకు పన్నెండు గంటలు చూస్తూనే ఉన్నాం. భయం మన చేత చూపిస్తోంది. ఏరిన మంచి మాటలన్నీ బయటివాళ్ల దగ్గర ఖర్చయిపోతాయి. రాత్రికి గంప అడుగున మిగిలింది ఇంటికి పోతుంది.

ఎవరి మాటో చెప్పడం లేదు. నా మాటే చెబుతున్నాను.

కొన్నేళ్ల కిందట ఒక జూలై రాత్రి. గాలిలో తేమకి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. షార్జా దారిలో బస్సు దాదాపు రెండు గంటలు నిలిచిపోయింది. గదికొస్తే ఏసీ పనిచేయడం లేదు. అన్నం తినలేదు. ఫోను తీస్తే నా భార్య పంపిన వాయిస్ మెసేజ్ ఉంది. పాప స్కూలు ఫీజు ఈ నెలాఖరుకి కట్టాలట, వంటింటి మీద రేకులు కారుతున్నాయట. అంతే. ఆమె గొంతులో ఫిర్యాదు కూడా లేదు. నేను మైకు బొమ్మ మీద వేలు నొక్కిపట్టి, గదిలో పడుకున్నవాళ్లు లేవకుండా గొంతు తగ్గించి, పళ్లు బిగించి అన్నాను: "మీకు నేను అక్కర్లేదు. నా జీతం చాలు. నేను ఇక్కడ చచ్చినా మీరు ముందు అడిగేది డబ్బు వచ్చిందా అనే." నలభై సెకన్లు. వేలు తీసేశాను. వెళ్లిపోయింది. నేను పడుకున్నాను.

పొద్దున్నే నీలం టిక్కులు ఉన్నాయి. జవాబు లేదు. రెండు రోజులయ్యాక మామూలుగా మాట్లాడుకున్నాం. నేను మరిచిపోయాను.

ఆ డిసెంబరులో సెలవు మీద ఇంటికెళ్లాను. క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం, పాప వాళ్లమ్మ ఫోనుతో ఆడుకుంటూ ఏదో నొక్కింది. ఇల్లంతా ఒక మగ గొంతు. అణిచిపెట్టిన గొంతు, విషంలాంటి గొంతు. ఎవరా అనుకున్నాను ఒక్క క్షణం. నేనే.

నా భార్య చేతిలో పిండి ఉంది. అలాగే పరుగెత్తుకొచ్చి ఫోను ఆపేసింది. పాప నా వైపు చూడలేదు. నేల వైపు చూస్తోంది.

రాత్రి అడిగాను, "దాన్ని ఎందుకు తీసేయలేదు?" అని.

"మీ గొంతు కదండీ అది," అంది. "మీ గొంతు ఉన్నవి ఏవీ తీసేయను."

కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అని మా నాయనమ్మ అంటుండేది. ఆ రాత్రి దాకా అది నాకు సామెతే.

మీకు కూడా అలాంటి రాత్రి ఒకటి గుర్తొస్తోందా? అయితే దయచేసి ఇక్కడ చదవడం ఆపకండి. నేను మిమ్మల్ని నిందించడానికి రాయడం లేదు. మిమ్మల్ని ప్రేమించే ఆయన కూడా నిందించడానికి రాలేదు. నేను ఆ సెలవుల్లో యోహాను సువార్త చివరి అధ్యాయం దగ్గర చాలా రోజులు ఉండిపోయాను. నన్ను నిలబెట్టింది ఆ ఒడ్డే.

పేతురు జాలరి. చేపలు ఏరడం చిన్నప్పటి నుంచి చేతికి అలవాటైన పని. ఏది ఉంచాలో ఏది పారేయాలో చీకట్లో కూడా తెలుస్తుంది అతనికి. కానీ ప్రధాన యాజకుని ఇంటి ముంగిట, చలికి బొగ్గుల మంట దగ్గర నిలబడి, భయంతో, ఆ నోటితోనే ప్రభువును ఎరగనన్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి ఒట్లు పెట్టుకున్నాడు, శపించుకున్నాడు. లోకంలో ఎవరి నోటా అంతకంటే కుళ్లిన మాట వచ్చి ఉండదని నాకనిపిస్తుంది. దాన్ని యేసయ్య విన్నారో లేదో అని సందేహపడే వీలు కూడా లేదు. ఆయన వెనక్కి తిరిగి పేతురు వైపు చూశారని లూకా రాశాడు.

తర్వాత కొన్నాళ్లకు పేతురు మళ్లీ పడవెక్కాడు. రాత్రంతా వల వేశాడు. ఏమీ పడలేదు. రాత్రి డ్యూటీ చేసినవాళ్లకు తెలుసు ఆ తెల్లవారుజాము ఎలా ఉంటుందో. కళ్లు మండుతుంటాయి, కడుపు ఖాళీ, చేతిలో ఏమీ లేదు. అప్పుడు ఒడ్డున ఎవరో నిలబడి ఉన్నారు. ఆయన చెప్పినట్టు వల వేస్తే 153 పెద్ద చేపలు పడ్డాయి. ఒడ్డుకు వచ్చి చూస్తే, బొగ్గుల నిప్పులు. వాటి మీద చేప. పక్కన రొట్టె.

బొగ్గుల నిప్పులు అన్న మాట యోహాను సువార్తలో రెండే చోట్ల ఉంది. పేతురు ప్రభువును కాదన్నది ఒక నిప్పుల దగ్గర. ప్రభువు పేతురుకి వండిపెట్టింది మరో నిప్పుల దగ్గర.

నేను యేసయ్య స్థానంలో ఉంటే ముందు నిలదీసేవాణ్ని. "ఆ రాత్రి ఏమన్నావో గుర్తుందా?" అని అడిగాకే పళ్లెం పెట్టేవాణ్ని. ఆయన అలా చేయలేదు. వచ్చి తినమన్నారు. తన చేతులతో రొట్టె ఇచ్చారు, చేప ఇచ్చారు. తినడం అయ్యాకే మాట మొదలుపెట్టారు. ఆ మాట కూడా "ఎందుకన్నావు?" అని కాదు. ప్రేమిస్తున్నావా అని. మూడుసార్లు. పాడైన మూడు మాటల చోట మూడు మంచి మాటలు పెట్టుకునే వీలు ఇచ్చారు పేతురుకి.

మీతో కూడా ఆయన అలాగే మాట్లాడతారు. ఈ రాత్రి పై మంచం మీద మీరు పడుకుని ఉన్న చోటుకి, మోచేతి కింద ఫోను పెట్టుకుని దీన్ని చదువుతున్న చోటుకి, ఆయన వచ్చి ఉన్నారు. పగలు మీరు మింగిన ప్రతి మాటా ఆయన విన్నారు. ఎవరూ చూడకుండా బాత్రూములో తుడుచుకున్న కన్నీళ్లు కూడా చూశారు. ముందు మీకు తిండి పెట్టాలని, ఆ తర్వాతే మాట్లాడాలని చూసే దేవుడు ఆయన.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మంచిగా మాట్లాడడం అంటే అన్నీ మింగేసి ఊరుకోవడం అనుకునేవాళ్లు మనలో ఉన్నారు. జీతం రాకపోతే అడగడం దుర్భాష కాదు. మిమ్మల్ని కొడితే, పాస్‌పోర్టు లాక్కుంటే, కార్మిక శాఖకు చెప్పుకోవడం పాపం కాదు. ప్రధాన యాజకుని బంట్రోతు చెంప మీద కొట్టినప్పుడు యేసయ్య ఊరుకోలేదు. నేను న్యాయంగా మాట్లాడి ఉంటే ఎందుకు కొట్టావని సూటిగా అడిగారు. తిట్టలేదు, శపించలేదు. అడిగారు. నిజాన్ని నిజంగా, మర్యాదగా, భయం లేకుండా చెప్పడం కూడా దయగల మాటే. ఎవరైనా మిమ్మల్ని అన్యాయంగా అన్న మాటలు మీ గుండెలో ఇంకా గుచ్చుకుంటుంటే, అవి మీ గురించి దేవుడన్న మాటలు కావని గుర్తుపెట్టుకోండి. వాటిని ఆయన ముందు ఒలకబోయండి. ఎంతసేపైనా వింటారు.

ఆ తర్వాత ఇంటికి ఫోను చేయండి.

వల ఉపమానంలో నేను చాలా ఏళ్లు గమనించని మాట ఒకటుంది. జాలర్లు చేపలు ఏరేముందు కూర్చుంటారు. నిలబడి ఏరరు, నడుస్తూ ఏరరు. బస్సు దిగి గదికి నడుస్తూ, ఒక చేత్తో హెల్మెట్ పట్టుకుని, ఖాళీ కడుపుతో మనం పంపే మాటల్లో ఏరడం ఎక్కడుంటుంది? నా తప్పు తర్వాత నేను ఒక చిన్న అలవాటు చేసుకున్నాను. ఎంత ఆలస్యమైనా, ముందు స్నానం. తర్వాత రెండు ముద్దలు, పెరుగన్నమైనా సరే. తర్వాత మంచం అంచున కూర్చుంటాను. అప్పుడు మైకు నొక్కుతాను. రికార్డు అయ్యాక పంపే ముందు ఒకసారి విని చూసుకునే వీలు ఆ ఫోనులోనే ఉంది. నేను అదే చేస్తాను. నా గొంతు నేనే వింటాను, ఆమె చెవితో, పాప చెవితో. వాసన వస్తే పక్కనే చెత్తబుట్ట బొమ్మ ఉంటుంది. చాలా రాత్రులు రెండు మూడు పారేశాకే ఒకటి పంపుతాను. డేరాలో ఆ అక్క చేసినట్టే.

ఇప్పటికే పంపేసిన మాట ఒకటి మీ మనసులో మెదులుతుంటే? రోజులు గడిచాయి కదా, వాళ్లు మరిచిపోయి ఉంటారులే అనుకోకండి. ఈ రాత్రి రెండు ముక్కలు చెప్పండి: "ఆ రోజు నేనన్నది తప్పు. నీ తప్పేం లేదు." దాని వెనక కారణాలు తగిలించకండి. ఎండ, బస్సు, ఏసీ వాళ్లకు తెలుసు. పేతురు కూడా ఆ ఒడ్డున కారణాలు చెప్పలేదు.

అబుదాబీకి పడమటి వైపు సముద్రంలో సర్ బనీ యాస్ అనే దీవి ఉంది. 1992లో అక్కడ ఒక క్రైస్తవ మఠం ఆనవాళ్లు బయటపడ్డాయి. 7, 8 శతాబ్దాల నాటిది. తూర్పు సంఘానికి చెందిన సన్యాసులు అక్కడ ఉండేవారు. ఈ ఎండలోనే, ఈ ఉప్పుగాలిలోనే, ఇంటికి దూరంగా. ఆ సంఘం వారి సాయంకాల ప్రార్థనలో 141వ కీర్తనకు ఎప్పటి నుంచో చోటుంది. నా నోటికి కావలి పెట్టు, నా పెదవుల వాకిట కాపలా ఉండు అని దావీదు అడిగిన కీర్తన. పొద్దు గూకే వేళ ఈ తీరాన ఆ విన్నపం వినిపించి ఎన్ని వందల ఏళ్లయిందో కదా. మనం ఈ రాత్రి అడిగితే కొత్తగా అడిగినట్టు కాదు.

కావలి అంటే మనకు వెంటనే గుర్తొచ్చేది బిల్డింగు కింద కుర్చీ వేసుకుని కూర్చునే నాతూర్. మనవాళ్లే ఎంతమంది ఆ పని చేస్తున్నారు! మంచి నాతూర్ తలుపు మూసేసి పోడు. వచ్చేవాళ్లను రానిస్తాడు, పోయేవాళ్లను పోనిస్తాడు, ఎవరో ఏమిటో చూసి. సామాను మోసుకొచ్చే ముసలామెకు తలుపు పట్టుకుంటాడు. దొంగలా తోసుకొచ్చేవాణ్ని మాత్రం ఒక్క నిమిషం ఆగమంటాడు. నాకు ఆ ఒక్క నిమిషం చాలు. చాలా కోపాలు ఆ నిమిషం దాటి నిలవవు.

నాతో కలిసి ప్రార్థించండి.

ప్రభువా, ఈ రోజు నేను చాలా మాటలు పడ్డాను. అవన్నీ నీకు తెలుసు. నా మనసు కడుగు. నా పెదవుల వాకిట నువ్వే నాతూర్‌గా కూర్చో. బయటివాళ్ల దగ్గర భయంతో మంచి మాటలు మాట్లాడాను, ఇంటివాళ్ల దగ్గర ప్రేమతో మాట్లాడనివ్వు. నేను గాయపరిచిన వాళ్లను నువ్వు ఓదార్చు. తప్పు ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేకుండా చెయ్యి. వాళ్లు దాచుకునే నా గొంతు, వాళ్లు మళ్లీ మళ్లీ వినాలనుకునే గొంతుగా ఉండనివ్వు. యేసు నామంలో, ఆమేన్.

తొమ్మిదిన్నర అయింది. అక్కడ పదకొండు. అమ్మో, భార్యో, భర్తో, పెద్ద క్లాసులో చదివే కొడుకో, ఎవరో ఒకరు ఫోను దిండు పక్కన పెట్టుకుని మీ కోసం మేల్కొని ఉన్నారు. కూర్చోండి. రెండు ముద్దలు తిన్నారు కదా.

ఒడ్డున నిలబడి యేసయ్య ఆ అలసిన మనుషుల్ని మొదట అడిగింది తినడానికి ఏమైనా ఉందా అని. మన ఇళ్లలో కూడా మొదటి మాట అదే కదా. మైకు నొక్కి, ముందు అదే అడగండి: "తిన్నావా?"